కీచకుడు కామాంధుడా?

మన దినపత్రికలను తెరచినచో కొలది దినములకొకమారైనను ‘కామాంధుని ఘాతుకము’, ‘మానవ మృగము’, ‘కీచక ఉపాధ్యాయుడు’ అను శీర్షికలలో నేదో యొకటి కంటబడక మానదు. ఇంటి పెద్ద దానిని చదివి, ఛీ ఛీ యని పత్రికను మడిచి, పిల్లల చేతికందని చోట పెట్టును. ఆ మూడు మాటలకును అర్థమొక్కటే యని మనము తలంతుము. నిదానించి చూచినచో నట్లు కాదు. వానిలో మొదటి రెండును ఆ నేరమునకు గల కారణమును కప్పిపుచ్చుచున్నవి. మూడవది మాత్రము, వాడువారికి తెలియకయే, దానిని వెలిపుచ్చుచున్నది. ఆ మాటలను, వాని వెనుకనున్న యూహలను, విరాటపర్వములోని కీచకవృత్తాంతముతో పోల్చి విమర్శించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఇది గృహస్థుల యెదుట మాటలాడదగిన విషయము కాదని కొందరికి తోపవచ్చును. గృహములలోనే జరుగుచున్నదానిని గృహస్థుల యెదుట గాక మరెవరి యెదుట మాటలాడవలెను?

కామాంధుడనగా కామముచేత గ్రుడ్డివాడైనవాడు. ఈ చిన్న మాటలో రెండు సిద్ధాంతము లిమిడియున్నవి. నేరమునకు కారణము కామాతిరేకమే యనునది మొదటిది. ఆ సమయమున వానికి మంచిచెడ్డల యెరుక యుండదనునది రెండవది. ఇక మృగమనగా మనవాడు కాడు, అడవినుండి ఊరిమీద పడినవాడు. వానికిని మన కుటుంబములకును, మన పెంపకమునకును ఏ సంబంధమును లేదని భావము. మొదటి మాట వానిని క్షమించుటకు పనికివచ్చుచున్నది. రెండవది మనలను మనము క్షమించుకొనుటకు పనికివచ్చుచున్నది. కీచకుడను మాట యట్టిది కాదు. కీచకునకొక యిల్లున్నది, సోదరి యున్నది, కొలువున్నది, వాని చేతలను చూచుచు కూర్చున్న సభ యున్నది. ఆ పేరు పలికినప్పుడెల్ల ఆ కథ యంతయు వెంటరావలెను.

వానలు కురియుటకై విరాటపర్వమును పారాయణము చేయించు ఆచారము మన పల్లెలలో చిరకాలమునుండి కలదు. పుస్తకము చదువనివారును 1963లో విడుదలయైన ‘నర్తనశాల’ చలనచిత్రమున ఎస్. వి. రంగారావుగారు ధరించిన కీచకపాత్రను మరువజాలరు. కావున కథను క్లుప్తముగా స్మరించిన చాలును. అజ్ఞాతవాసకాలమున ద్రౌపది సైరంధ్రియై విరాటుని భార్యయగు సుదేష్ణ కడ కొలువు చేయుచుండెను. సుదేష్ణ సోదరుడైన కీచకుడు విరాటుని సేనాపతి. వాడామెను చూచి, ధనమును భోగమును ఆశచూపెను. ఆమె తిరస్కరింపగా సోదరి కడకు పోయి మొరవెట్టుకొనెను. సుదేష్ణ మద్యము తెమ్మను మిషతో సైరంధ్రిని వాని యింటికి పంపెను. నన్ను పంపవలదు, వేరొకతెను పంపుమని ఆమె వేడుకొన్నను రాణి వినలేదు. అచ్చట వాడు పట్టుకొనగా ఆమె విడిపించుకొని రాజసభకు పరుగెత్తెను. వాడు వెంటనంటి వచ్చి నిండుసభలో ఆమెను తన్నెను. తుదకు భీముడు రాత్రివేళ నర్తనశాలలో వానిని మట్టుపెట్టెను.

ఇందులో అంధత్వమెచ్చట నున్నదో చదువరులు యోచింపుదురు గాక. వాని కన్ను పడినది ఎవరిమీద? తనకంటె బలవంతుడైన రాజు కుమార్తెమీద గాదు. చెప్పుకొనుటకు పుట్టినిల్లు లేక, భర్తలెవరో ఎవ్వరికిని తెలియక, పొట్టకూటికై కొలువు చేయు పరదేశపు స్త్రీమీద. వాడు మొదటనే బలాత్కరింపలేదు. ముందు ఆశచూపెను, అది చెల్లకపోగా తన మాట కాదనలేని సోదరి నాశ్రయించెను, ఆమెచేత ఒంటరియింటికి రప్పించుకొనెను, అదియు తప్పిపోగా, తన్ను శిక్షింప సాహసించువాడు సభలో లేడని యెరిగి సభలోనే కాలెత్తెను. ఒక్కొక్క మెట్టునను వాడు లెక్క వేసియే నడచెను. ఆమె భర్తలెవరో తెలియకపోవుటచేత ఆ లెక్క తప్పినదే గాని, లెక్క వేయకపోలేదు. ఇట్లు బలహీనులను ఏరుకొని, సమయమును స్థలమును చూచుకొని, తోడ్పడువారిని సంపాదించుకొనువానిని గ్రుడ్డివాడనుట భాషకే యపచారము.

మరి వానికి కామాంధుడను పేరెట్లు వచ్చినది? కీచకుడే తన్నుగూర్చి యట్లు చెప్పుకొనెను గనుక వచ్చినది. తిక్కన సోమయాజి వాని విరహతాపమును విపులముగా వర్ణించినాడు. అది కవి యిచ్చిన తీర్పు కాదు. వాని మనసులో నిలువబడి చూచి వ్రాసిన చిత్రము. తనకు కలిగిన కోరిక తన యధీనమున లేదని, దానిని తీర్పకున్నచో తాను బ్రదుకడని, కాబట్టి తీర్చుట యితరుల ధర్మమని వాడు తన్ను తాను నమ్మించుకొనెను, సోదరిని నమ్మించెను. నేటి మనశ్శాస్త్రజ్ఞులు లైంగికాపరాధులతో మాటలాడి వ్రాసికొన్న వాంగ్మూలములలో నీ ధోరణియే మరల మరల కనబడుచున్నది. ‘ఆపుకొనలేకపోతిని’, ‘ఆమెయు కోరినదే’, ‘పిల్లకేమియు హాని జరుగలేదు’ అనునవి వాని ప్రధాన సూత్రములు. వీనిని ఆ శాస్త్రజ్ఞులు ఆలోచనలోని వక్రతలని పేర్కొందురు. నేరమునకు ముందు మనస్సాక్షి నోరు మూయించుటకును, పిదప తన్ను తాను నిర్దోషినని యెంచుకొనుటకును అవి పనిచేయును. అనగా ‘కామాంధుడు’ అనునది నేరస్థుని వాంగ్మూలము. దానిని మనము తీర్పుగా స్వీకరించి శీర్షికలకెక్కించుచున్నాము.

శాస్త్రజ్ఞులును మొదట ఈ పొరపాటునకు దూరముగా లేరు. 1886లో క్రాఫ్ట్ ఎబింగ్ అను మానసిక వైద్యుడు లైంగిక వికృతులపై జర్మను భాషలో నొక గ్రంథమును ప్రకటించెను. పాపమని తెర దించివేసిన విషయమును పరీక్షకు తెచ్చిన గౌరవము వానికి చెల్లవలసినదే. కాని వంశపారంపర్యముగా క్షీణించిన నాడీమండలమే దీనికి మూలమని యాయన విశ్వసించెను. మృగమను మాటకే వైద్యుని యంగరఖా తొడిగినట్లైనది. 1979లో అమెరికాలో నికొలస్ గ్రోత్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఐదువందలకు పైగా అపరాధులను పరీక్షించి మరియొక గ్రంథము వ్రాసెను. క్రోధము, అధికారేచ్ఛ, పరపీడనమునందు సుఖము అను మూడు ప్రేరణలను విడదీసి, వానిలో అధికారేచ్ఛయే యధికముగా కనబడుచున్నదని చెప్పెను. కామముకంటె భిన్నమైన అవసరములు కామరూపమున బయటపడుచున్నవని ఆయన వాదము. ఇది గొప్ప ముందడుగు. కాని ఆయన చూచినవారు పట్టుబడి చట్టము చేతికి చిక్కినవారు. పట్టుబడని కీచకుడు, పట్టుబడినను కొలువులోనే యున్న కీచకుడు ఆ పుస్తకమున కానరాడు.

ఆ కొరతను కొంత తీర్చినది 2013లో వెలువడిన ఒక పరిశోధనము. రేచెల్ జ్యూక్స్ అను విదుషీమణియు ఆమె సహచరులును బంగ్లాదేశము, చైనా, కంబోడియా, ఇండొనీషియా, పపువా న్యూగినీ, శ్రీలంక దేశములలో 10,178 మంది పురుషులను, ఖైదీలను గాదు, సామాన్య గృహములందలి పురుషులను, పేరు చెప్పనక్కరలేని పద్ధతిని ప్రశ్నించిరి. భారతదేశము అందులో లేదు. కాని మన యిరుగుపొరుగు దేశములు కలవు. భార్య గాని, ప్రియురాలు గాని కాని స్త్రీని బలాత్కరించితిమని నూటికి దాదాపు 11 మంది ఒప్పుకొనిరి. అట్లు చేసినవారిని కారణమేమని యడుగగా నూటికి 73 మంది చెప్పిన దానిని పరిశోధకులు స్వత్వభావమని పేర్కొనిరి: కోరితిని, కాబట్టి నాకు చెల్లునని. వినోదమునకై చేసితిమని, ఊసుపోక చేసితిమని చెప్పినవారు నూటికి 59 మంది. కోపము తీర్చుకొనుటకు, శిక్షించుటకు అన్నవారు 38 మంది. ఒక్కొక్కడు ఒకటికంటె నెక్కువ కారణములు చెప్పవచ్చును గనుక ఈ యంకెలు నూటిని మించినవి. మద్యము కారణమని చెప్పినవారు 27 మంది మాత్రమే. విరాటుని కొలువులోను మద్యము మిష మాత్రమే గదా!

ఈ యంకెలను చూచిన పిదప కామాంధుడను మాటకు చోటెక్కడ? అంధుడైనవాడు, ఇది నాకు చెల్లునని చెప్పడు. ఊసుపోక చేసితినని అసలే చెప్పడు. వానిని నడిపినది పొంగిపొరలిన కోరిక గాదు. ఎదుటి మనిషికి సమ్మతి యను నొక వస్తువున్నదని యెన్నడును నేర్వని మనస్సు. వీరిలో సగమునకు పైగా మొదటిసారి ఈ నేరము చేసినది ఇరువదియేండ్లు నిండకమునుపే యని కూడ ఆ పరిశోధనము తెలుపుచున్నది. అనగా ఈ మనస్సు పాఠశాలకు పోవు ప్రాయముననే, మన చూరుక్రిందనే, తయారగుచున్నది.

ఇచ్చట ఎదుటి పక్షమువారి పొరపాటును కూడ విమర్శింపకున్న న్యాయము కాదు. 1975లో సూసన్ బ్రౌన్‌మిల్లర్ అను అమెరికా రచయిత్రి గ్రంథము వచ్చిన పిదప, ఇది కేవలము అధికారమునకు సంబంధించినదే గాని కామమునకు సంబంధించినది కానేకాదను వాదము సంస్కర్తలలో బలపడినది. కామము పేర జరుగుచుండిన క్షమాపణలను అది త్రోసివేసినది. కాని పూర్తి సత్యము కాదు. 2005లో హాన్సన్, మోర్టన్ బూర్గన్ అను కెనడా పరిశోధకులు 82 పరిశోధనలను, వానిలోని 29,450 మంది అపరాధుల వృత్తాంతములను కలిపి పరిశీలించిరి. మరల లైంగికాపరాధము చేయువారిని ముందుగా గుర్తింపజేయు లక్షణములు ముఖ్యముగా రెండు. మొదటిది లైంగికవాంఛలోనే గల వైపరీత్యము. రెండవది ఏ నియమమునకును లొంగని, తన యావేశమును తాను పట్టుకొనని స్వభావము. కామము దీనిలో లేదనలేము, ఉన్నది. కాని కోరిక కలుగుట వేరు, దానికి అనుజ్ఞ యిచ్చుకొనుట వేరు. పిల్లలపై వికృతమైన వాంఛ గలవారందరును నేరము చేయరు. పిల్లలపై నేరము చేసినవారందరును అట్టి వాంఛ గలవారు కారు. ఈ రెంటికి నడుమనున్న అనుజ్ఞయే మనము పరీక్షింపవలసినది.

ఆ పరిశోధనమున గృహస్థులు గుర్తింపదగిన మాట మరియొకటి యున్నది. నేరము నొప్పుకొనుట, బాధితులపై జాలి కనబరచుట అను వానికిని, మరల నేరము చేయకుండుటకును చెప్పుకొనదగిన సంబంధము కనబడలేదు. కాళ్లమీద పడి యేడ్చినాడు గదా, బుద్ధి వచ్చినది గదా యని మరల నింటికి రానిచ్చువారు దీనిని మనసున నుంచుకొందురు గాక. అట్లని ప్రతివాడును మార్పులేని మృగమే యనుటయు సరిగాదు. ఐదారేండ్ల కాలములో మరల లైంగికాపరాధము చేసినట్లు తేలినవారు నూటికి 14 మందికి లోపుగనే యుండిరి. బయటపడని నేరములు వేరుగా నుండవచ్చునన్నను, కన్నీటిని నమ్మక, నిరాశకు లోబడక, వానిని కనిపెట్టియుండుటయు, చికిత్సయు, శిక్షయు కలిసి నడువవలెనని దీనివలన తేలుచున్నది.

చిన్ననాట తాను బాధితుడైనందున పెద్దవాడై బాధకుడైనాడను మాట కూడ మనలో ప్రచారమైనది. ఇది అర్ధసత్యము, అర్ధసత్యము అమాయకులకు హాని చేయును. బాల్యమున హింసకును నిర్లక్ష్యమునకును గురియైన 908 మందిని, అట్టి చరిత్ర లేని 667 మందిని నడివయస్సు దాక వెంబడించిన అమెరికా పరిశోధనమొకటి 2015లో వెలువడినది. దానిని నడిపినది కేథీ విడమ్ అను విదుషి. చిన్ననాడు దెబ్బలు తిన్నవారును, పట్టించుకొనువారు లేక పెరిగినవారును లైంగికాపరాధములలో పట్టుబడుట కొంత హెచ్చుగా కనబడినది. లైంగికహింసకు గురియైనవారి విషయమున మాత్రము అట్టి నిశ్చయమైన సంబంధము తేలలేదు. కాబట్టి అన్యాయమునకు గురియైన బాలుని చూచి, వీడు రేపు ఏమగునో యని శంకించుట వానికి రెండవ శిక్ష. బిడ్డను కొట్టి పెంచుటయే పెంపకమనుకొను తండ్రులు మాత్రము తమ్ము తాము శంకించుకొనవలసియున్నది.

ఇక ఆ యనుజ్ఞ యెట్లు లభించుచున్నది? పిల్లలపై జరుగు నేరములగూర్చి 1984లో డేవిడ్ ఫింకెలోర్ అను సంఘశాస్త్రజ్ఞుడు నాలుగు మెట్లను నిర్ణయించెను. నేరము జరుగుటకు ముందు కోరిక కలుగవలెను. లోపలి యడ్డంకియగు మనస్సాక్షి తొలగవలెను. బయటి యడ్డంకులు, అనగా కాపాడువారు, తొలగవలెను. తుదకు బాధితుల ప్రతిఘటన తొలగవలెను. ఈ నాలుగును కూడిననాడే నేరము జరుగును. పిల్లలనుగూర్చి చెప్పినదైనను ఈ సూత్రము కీచకవృత్తాంతమునకు అద్దమువలె సరిపోవుచున్నది. మొదటి రెండు మెట్లును కీచకుని మనసులోనివి. మూడవ మెట్టు సుదేష్ణది, విరాటునిది. మనశ్శాస్త్రము నేరస్థుని తలలోనే యాగిపోక మన వాకిటిదాక వచ్చుట ఈ మూడవ మెట్టున.

సుదేష్ణ దుర్మార్గురాలు కాదు. సోదరుడు ఏమైపోవునో యని భయపడినది. తాను పంపగా పోయినదానికి వాడు కీడు చేయడని సైరంధ్రికి ధైర్యము చెప్పినది. ఆ మాట నేడును మన యిండ్లలో వినబడుచున్నది. వేసవి సెలవులలో మనుమరాలొకతె అమ్మమ్మ నిట్లడిగినదనుకొందము.

“అమ్మమ్మా, ఆ మామయ్య వస్తే నేను ఆ గదిలో పడుకోను.”

“అదేం మాటే! మామయ్య నిన్ను ఎత్తుకుని పెంచాడు. పెద్దవాళ్లని అట్లా అనకూడదు.”

“నాకు భయమేస్తుంది, అమ్మమ్మా.”

“ఊరుకో. నేనున్నాను కదా. ఈ మాట మీ నాన్న చెవిన పడితే ఇల్లు రెండవుతుంది.”

అమ్మమ్మకు మనుమరాలిపై ప్రేమ లేకకాదు. ఇల్లు రెండగునని భయము. ఆ భయమును నేరస్థుడు బాగుగ నెరుగును. దానిని పెట్టుబడిగా పెట్టుకొనియే వాడు ఆ యింటికి వచ్చును. 2007లో కేంద్రప్రభుత్వ స్త్రీ శిశు అభివృద్ధి శాఖ పదమూడు రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించి ప్రకటించిన నివేదికలో నూటికి 53 మంది ఏదో యొక రూపమున లైంగికపీడనకు గురియైనట్లు చెప్పిరి. బాలురును బాలికలును ఇంచుమించు సమానముగనే యుండిరి. పీడించినవారిలో సగమువరకు పిల్లలకు తెలిసినవారో, వారు నమ్మినవారో. పిల్లలలో హెచ్చుమంది ఆ మాట ఎవ్వరికిని చెప్పనేలేదు. అట్టి పీడన హెచ్చుగా కనబడిన రాష్ట్రములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమొకటి. పెద్దల విషయమున చూచినను 2021లో దేశమున నమోదైన 31,677 అత్యాచారపు కేసులలో నూటికి 90కి మించి నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. అడవినుండి వచ్చిన మృగములెన్ని? చుట్టములై, పొరుగువారై, గురువులై, యజమానులై వచ్చిన కీచకులెందరు?

విరాటుని సంగతి మరియొకటి. తన యెదుట జరుగని కలహముయొక్క నిజానిజములు తనకు తెలియవని ఆయన తప్పించుకొనెను. తన యెదుట జరిగిన తన్నును చూడనట్లే యుండెను. సేనాపతి లేనిది రాజ్యము లేదు గనుక న్యాయము మూగవోయినది. ఇట్టి సభలు పురాణములతో ముగియలేదు. 1972లో మహారాష్ట్రములో నొక పోలీసుఠాణాలో గిరిజన బాలికపై అత్యాచారము జరిగినదని అభియోగము వచ్చెను. ఠాణా తలుపులు లోపల మూసియుండుటయు, దీపములార్పియుండుటయు బయటనున్నవారు చూచిరి. ఉన్నతన్యాయస్థానము నిందితులను దోషులని నిర్ణయింపగా, 1978లో సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. బాలిక శరీరముపై ప్రతిఘటన గుర్తులు లేకపోవుట అందు ముఖ్యమైన యుపపత్తి. 1979లో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, రఘునాథ కేల్కర్, వసుధా ధగంవార్ అను నలుగురు న్యాయశాస్త్రాధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసి, లొంగిపోవుట సమ్మతించుట కాదని ఘోషించిరి. ఆ యాందోళనమువలన 1983లో చట్టము మారినది. అధికారి కట్టడిలో నున్న స్త్రీ తాను సమ్మతింపలేదని చెప్పినచో న్యాయస్థానము ఆ మాటనే మొదట నమ్మవలెనను నియమమేర్పడెను. సభకు మాట వచ్చుటకు పదునొకండేండ్లు పట్టినది.

ఇంత కారణవిచారము చేయుట నేరస్థుని క్షమించుటకే యని కొందరు కోపింతురు. భీముడు చేసినదే సరియందురు. ఆ కోపము ధర్మబద్ధమైనదే. కాని భీముడు కీచకుని చంపిన మరునాడేమి జరిగెనో వారు మరచుచున్నారు. ఉపకీచకులు నూరుగురికి పైగా వచ్చి, సైరంధ్రియే తమ యన్న చావునకు కారణమని, ఆమెను శవముతో కూడ కాల్చుటకు కట్టి తీసికొనిపోయిరి. వారిని భీముడు చంపిన పిదప విరాటుడు సుదేష్ణద్వారా ఆమెను ఊరు విడిచిపొమ్మని చెప్పించెను. కీచకుడు చచ్చెను, కీచకుని నిలిపిన లోకము చావలేదు. తప్పు చేయనిదే యిల్లు విడువవలసివచ్చెను. ఇందులో మనకు పరిచయము కానిదేమైన నున్నదా?

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరము పిదప నేర్పడిన జస్టిస్ వర్మ సంఘము 2013 జనవరిలో తన నివేదిక నిచ్చినది. మందులచేత కామమును చంపుటను చట్టమున చేర్పవలెనను సూచనను ఆ సంఘము తిరస్కరించెను. అది మానవహక్కులకు విరుద్ధమని చెప్పుటయే గాక, నేరముయొక్క సాంఘిక పునాదులను అది తాకదని కూడ చెప్పెను. శిక్ష వలదని దీని భావము కాదు. శిక్ష తప్పక పడవలెను, త్వరగా పడవలెను. కారణము తెలిసికొనుట క్షమించుట గాదు. దోమవలన జ్వరము వచ్చునని తెలిసికొన్నవాడు దోమను క్షమించినట్లా? వాడు ఇంటి చుట్టునున్న మురుగును తీసివేయును.

ఆ మురుగు మన మాటలలోను ఉన్నది. మానభంగమని వ్రాయుచున్నాము, భంగపడినది ఎవరి మానము? పిల్ల చెడిపోయినదందుము, చెడినవాడెవడు? మగపిల్లవాడు గదా, వాడట్లే చేయునని నవ్వుచున్నాము. ఆ నవ్వే వానికి మొదటి యనుజ్ఞ. చెల్లెలి చేతిలోని వస్తువును లాగికొన్న బాలునితో ‘దానిని అడిగితివా?’ యని తల్లి యడిగిననాడు సమ్మతి యన నేమో వానికి తెలియును. అత్తనో, మామనో ముద్దుపెట్టుకొననని బిడ్డ వెనుకకు జరిగినచో బలవంతపెట్టకుండిననాడు తన దేహము తనదని వానికి తెలియును. బిడ్డ చెప్పిన మాటను మొదట విని, పిదప విచారించిననాడు మూడవ మెట్టు మూయబడును. 2012లో వచ్చిన పిల్లల రక్షణ చట్టము ఇట్టి నేరము తెలిసియు దాచుట కూడ నేరమే యని విధించినది. అనగా సుదేష్ణ ఊరకుండుటకు ఇప్పుడు చట్టమును ఒప్పుకొనదు.

పత్రికాధిపతులకు నాదొక విన్నపము. కామాంధుడను మాటను విడువుడు. మృగమను మాటను విడువుడు. కీచకుడను మాటను వ్రాయదలచినచో వ్రాయుడు. కాని వ్రాసిన ప్రతిసారియు, వానికి తలుపు తీసిన సుదేష్ణ ఎవరు, చూచుచు కూర్చున్న విరాటుడెవరు అని కూడ విచారించి వ్రాయుడు. చదువరులకును ఒక విన్నపము. వానలకొరకు ఇన్నాళ్లు విరాటపర్వమును చదివించితిమి. ఇకమీదట మన యింటి పిల్లలకొరకు చదువుదము. చదువునప్పుడు కీచకుని విరహమును దాటి, నన్ను పంపవలదని సైరంధ్రి రాణిని వేడుకొన్న చోట నొకమారు ఆగుదము.